పాత సామాను నుండి పుట్టిన గణనయంత్రం : కోన్రాడ్ జూజే జీవితగాథ

రాతిలో దాగిన విగ్రహాన్ని ముందుగా మనసులో చూడగలిగినవాడే శిల్పి అని పెద్దలు చెబుతూ ఉంటారు. ఆ మాట రాతికే పరిమితం కాదు. ఇనుపరేకుకూ, రాగితీగకూ, టెలిఫోను కార్యాలయం వాడి తీసివేసిన విడిభాగానికీ కూడా వర్తిస్తుంది. ఒకరి కంటికి తూకానికి వేయదగిన పాత సామానుగా కనిపించిన వస్తువు మరొకరి కంటికి ఒక నూతన యంత్రానికి అవయవంగా కనిపించవచ్చు. అట్టి చూపు కలిగినవాడై, పాత భాగాలను ఏరి తెచ్చి, కూర్చి, చెడినదానిని సరిచేసి, సరిచేసినదానిని మెరుగుపరచి, కంప్యూటర్ యుగానికి ఆద్యులైన కొద్దిమందిలో ఒకడుగా చరిత్రకెక్కిన జర్మన్ ఇంజనీరు కోన్రాడ్ జూజే.

సాహిత్యం బోధించే నాబోటివాడు ఒక యంత్రనిర్మాత జీవితాన్ని వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని ఈ జీవితంలో యంత్రానికి ఎంత పాత్ర ఉన్నదో మానవుని ఓర్పుకూ, అతని బలహీనతకూ, అతని వివేకానికీ అంతే పాత్ర ఉన్నది. కనుక విజ్ఞానశాస్త్ర విద్యార్థులతోపాటు తక్కిన విద్యార్థులు కూడా దీనిని తమదిగా భావించి చదువగలరని ఆశిస్తున్నాను.

జూజే 1910వ సంవత్సరం జూన్ 22వ తేదీన బెర్లిన్ నగరంలో జన్మించారు. తండ్రి తపాలాశాఖలో ఉద్యోగి. మధ్యతరగతి కుటుంబం. బాలునికి రెండేళ్ళ ప్రాయంలో ఆ కుటుంబం తూర్పు ప్రష్యాలోని బ్రౌన్స్‌బెర్గ్‌కు, తరువాత 1923లో హోయెర్స్‌వెర్డా అనే పట్టణానికి తరలివెళ్ళింది. చిన్ననాట జూజేకు రెండు విషయాలపై మక్కువ ఎక్కువ. మొదటిది చిత్రలేఖనం. రెండవది రంధ్రాలున్న లోహపు బద్దీలను మరలతో బిగించి వంతెనలు, క్రేన్లు నిర్మించే ఆటసామాను. విప్పిన బద్దీతోనే మరునాడు మరొక బొమ్మను కట్టవచ్చునన్నది ఆ ఆటలోని రహస్యం. ఆ బాలుడు పెద్దవాడై జీవితమంతా చేసిన పని కూడా ఒక విధంగా అదే.

ఉన్నత విద్యకై జూజే బెర్లిన్‌లోని సాంకేతిక విద్యాలయంలో చేరారు. యంత్రనిర్మాణశాస్త్రం, వాస్తుశాస్త్రం రెండూ రుచి చూచి, ఏదీ మనసుకు నచ్చక, కడకు సివిల్ ఇంజనీరింగు చదివి 1935లో పట్టభద్రులయ్యారు. కొంతకాలం ఫోర్డ్ కంపెనీ ప్రకటనలకు బొమ్మలు గీశారు. అనంతరం బెర్లిన్ సమీపాన షోనెఫెల్డ్‌లో ఉన్న హెన్షెల్ విమాన కర్మాగారంలో ఉద్యోగం లభించింది. విమానపు రెక్క ఎంత బరువును తాళగలదో, ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో లెక్కగట్టడం ఆ ఉద్యోగం. ఒకే తీరు సమీకరణాలను అంకెలు మార్చి మళ్ళీ మళ్ళీ సాధించాలి. ఒక మెట్టులో వచ్చిన ఫలితాన్ని కాగితంపై వ్రాసుకొని తరువాతి మెట్టుకు తీసుకొనిపోవాలి. ఒక్క అంకె తప్పినా పని మొదటికి వస్తుంది. ఈ పనిలో బుద్ధికి చోటు స్వల్పం, శ్రమకు హద్దు లేదు. క్రమం ముందే తెలిసిన పనిని మనిషి చేత చేయించడమెందుకు, యంత్రానికి అప్పగించరాదా అన్న ఆలోచన విద్యార్థి దశలోనే ఆయన మనసులో మొలకెత్తింది. ఉద్యోగంలో చేరిన తరువాత అది నిర్ణయంగా మారింది.

ఆ నిర్ణయంతో ఆయన ఉద్యోగాన్ని వదలుకొని 1936లో తల్లిదండ్రుల ఇంటిలోనే యంత్రనిర్మాణానికి పూనుకున్నారు. వెనుక ప్రయోగశాల లేదు, విద్యాపీఠం లేదు, ప్రభుత్వం లేదు. ఇంటిలోని పెద్దగది కర్మశాల అయింది. తల్లిదండ్రులు, సోదరి తమకున్నదానిలో కొంత ఇచ్చారు. విద్యార్థి దశనాటి మిత్రులు కొందరు డబ్బు, మరికొందరు శ్రమ ఇచ్చారు. గణనయంత్రాల వ్యాపారి కుర్ట్ పాంకే అనే ఆయన, ఆ రంగంలో కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ మిగలలేదని మొదట భావించినా, యువకుని పట్టుదల చూచి ధనసహాయం చేశారు. కొడుకు స్థిరమైన జీతాన్ని వదలి ఇంటినిండా రేకులు పరుస్తుంటే సహించిన ఆ తల్లిదండ్రుల ఔదార్యం సామాన్యమైనది కాదు.

ఆ గదిలో రూపొందిన యంత్రమే జెడ్-1. 1938లో పూర్తి అయింది. అందులో సుమారు 30,000 భాగాలున్నాయి. బరువు దాదాపు 1 టన్ను. లోహపు రేకులను రంపంతో కోసి, చీలికలు చేసి, ఒకదానిపై ఒకటి పేర్చి, వాటి మధ్య సన్నని కడ్డీలు అమర్చారు. కడ్డీ ఒక పక్కకు జరిగితే సున్న, రెండవ పక్కకు జరిగితే ఒకటి. నాటి గణనయంత్రాలన్నీ మనవలెనే పది అంకెలతో లెక్కించేవి; అందుకు పది పళ్ళ చక్రాలు, వాటికి అతి కచ్చితమైన పనితనం కావాలి. జూజే సున్న, ఒకటి అన్న రెండే అంకెల ద్విసంఖ్యామానాన్ని స్వీకరించారు. రెండే స్థితులు చాలునన్న తరువాత, అటో ఇటో కదలగల ఏ వస్తువైనా ఆయనకు అంకెగా ఉపయోగపడింది. సాధారణమైన పనిముట్లతో, సాధారణమైన వస్తువులతో యంత్రం కట్టడానికి దారి తెరచినది ఈ ఒక్క నిర్ణయమే.

యంత్రానికి ఆదేశాలు అందించే విధానంలో కూడా ఆయన పొదుపు కనిపిస్తుంది. కాగితపుపట్టీకి బదులు సినిమావారు పారవేసిన 35 మిల్లీమీటర్ల ఫిల్మును తీసుకొని, దానిపై వరుసగా రంధ్రాలు పొడిచి, ఆ రంధ్రాల అమరికే ఆదేశంగా ఏర్పాటు చేశారు. ఫిల్ము గట్టిది, తేలికగా చిరగదు, ఖర్చు లేనిది. ఒకనాడు తెరపై నటీనటులను చూపిన ఫిల్ము ఇప్పుడు యంత్రానికి కూడికనూ తీసివేతనూ చెప్పింది.

అయితే ఇల్లు అలకగానే పండుగ కాదు. జెడ్-1 జ్ఞాపకకోశం చక్కగా పనిచేసేది. 64 సంఖ్యలను అది దాచుకోగలిగేది. లెక్కలు చేసే భాగం మాత్రం తరచు బిగుసుకుపోయేది. వేలాది రేకులలో ఏ ఒక్కటి వంగినా యంత్రం నిలిచిపోయేది. ఈ దశలో జూజేకు తోడ్పడిన మిత్రుడు హెల్ముట్ ష్రేయర్, విద్యుత్ ఇంజనీరు. రేకులకు బదులు రేడియోలలో వాడే శూన్యనాళికలు వాడవచ్చునని ఆయన సూచించారు. ఆ ఆలోచన కాలానికి ముందున్నది. కాని అన్ని నాళికలు కొనే శక్తి వారికి లేదు. చేతికి అందుబాటులో ఉన్నది టెలిఫోను రిలే.

రిలే అంటే ఏమో విద్యార్థులు తెలుసుకోవాలి. ఇనుపకడ్డీ చుట్టూ రాగితీగ చుట్టి విద్యుత్తు పంపితే ఆ కడ్డీ అయస్కాంతమవుతుంది. ఎదుట ఉన్న చిన్న రేకును లాగుకొని మరొక తీగమార్గాన్ని కలుపుతుంది. విద్యుత్తు ఆగితే రేకు వెనుకకు పోయి మార్గం తెగుతుంది. కలిసి ఉంటే ఒకటి, తెగి ఉంటే సున్న. టెలిఫోను కేంద్రాలలో వేల సంఖ్యలో ఉండే ఈ వస్తువు వాడి తీసివేసిన పిదప కూడా దొరికేది. జూజే అట్టి పాత రిలేలను సేకరించి జెడ్-2ను నిర్మించారు. ఇందులో ఆయన అనుసరించిన పద్ధతి గమనింపదగినది. మొదటి యంత్రం సరిగా పనిచేయలేదని దాని భావాన్నంతటినీ తోసివేయలేదు. చక్కగా పనిచేసిన రేకుల జ్ఞాపకకోశం రీతిని అలాగే నిలుపుకొన్నారు. మొరాయించిన గణనభాగానికి మాత్రమే రిలేలను అమర్చారు. ఏ భాగం చెడ్డదో, ఏ భాగం మంచిదో విడదీసి చూడగలగడమే మరమ్మతు విద్యకు మొదటి పాఠం.

ఇంతలో రెండవ ప్రపంచ సంగ్రామం వచ్చింది. 1939లో ఆయనను సైన్యంలోకి పిలిచారు. కొన్ని నెలల పిదప విడుదలై తిరిగి హెన్షెల్ కర్మాగారానికి వచ్చి, మిగిలిన సమయంలో తన పని సాగించారు. 1940లో జెడ్-2ను చూచిన జర్మన్ వైమానిక పరిశోధనాసంస్థవారు తరువాతి యంత్రానికి కొంత ధనం సమకూర్చారు. అదే సుప్రసిద్ధమైన జెడ్-3. 1941 మే 12వ తేదీన బెర్లిన్‌లో కొద్దిమంది శాస్త్రజ్ఞుల సమక్షంలో జూజే దానిని నడిపి చూపారు. సుమారు 2,600 రిలేలతో నిర్మితమైన ఆ యంత్రం కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం చేయగలిగేది. ఒక గుణకారానికి సుమారు 3 సెకన్లు పట్టేది. నేటి పిల్లవాని చేతిలోని ఫోనుతో పోల్చితే అది తాబేలు నడక. కాని ముందుగా వ్రాసియిచ్చిన ఆదేశాల ప్రకారం తనంత తాను లెక్కించి, సక్రమంగా పనిచేసిన తొలి కంప్యూటర్‌గా దానిని చరిత్రకారులు గుర్తిస్తున్నారు.

ఇక్కడ ఒక చేదు నిజాన్ని దాచకుండా చెప్పుకోవాలి. ఈ కృషి సాగినది నాజీ పాలనలో. జూజే నాజీ పార్టీలో సభ్యుడు కాలేదు. అయినప్పటికీ ఆయన ఉద్యోగం యుద్ధవిమానాల కర్మాగారంలోనిది. అక్కడ తయారైన హెచ్ఎస్-293 అనే ఎగిరే బాంబు రెక్కలలోని కొలతల తేడాలను లెక్కగట్టి సరిదిద్దడానికి ఆయన ఎస్-1, ఎస్-2 అనే ప్రత్యేక గణనయంత్రాలు నిర్మించి ఇచ్చారు. అవి ప్రాణాలు తీసే ఆయుధానికి గురి కుదిర్చినవే. ఆ కాలంలో ఆయన దీనిని గురించి అభ్యంతరం చెప్పినట్లు ఆధారం లేదు. సంశయాస్పదమైన ప్రయోజనాల కోసం పనిచేయడమో, పనినే మానుకోవడమో తప్ప శాస్త్రజ్ఞునికి తరచు మూడవ మార్గం ఉండదని తరువాతి కాలంలో ఆయన అభిప్రాయపడ్డారు. ఆ సమాధానం అందరినీ తృప్తిపరచదు. నన్నూ తృప్తిపరచలేదు. చేతిలోని విద్య ఎవరికి ఉపయోగపడుతున్నదని ప్రశ్నించుకోవడం విద్యలో అంతర్భాగమే. మహనీయుల జీవితాలను చదివేటప్పుడు వారి ప్రతిభకు నమస్కరిస్తూనే వారి లోపాన్ని కూడా చూడడం విద్యార్థి ధర్మం.

యుద్ధం ఆయన యంత్రాలను కూడా విడిచిపెట్టలేదు. 1943 డిసెంబరు 21వ తేదీన బెర్లిన్‌పై జరిగిన బాంబుదాడిలో జెడ్-3 ధ్వంసమైంది. జెడ్-1 కూడా ఆ దాడుల కాలంలోనే నశించింది. దాని నిర్మాణపటాలు కూడా బూడిదపాలయ్యాయి. ఏళ్ళ తరబడి చేసిన కష్టానికి గుర్తుగా మిగిలినది నిర్మాణంలో ఉన్న ఒకే ఒక యంత్రం, జెడ్-4. దానిని కాపాడుకోవడమే ఆయన జీవితలక్ష్యమయింది.

1945 ఆరంభంలో బెర్లిన్ ఇక నిలువదని తేలిపోయింది. ఆ జనవరిలోనే జూజే గిసేలా బ్రాండెస్‌ను వివాహమాడారు. కొత్త దాంపత్యంతోపాటు యంత్రాన్ని కూడా వెంటబెట్టుకొని నగరం విడిచివెళ్ళవలసి వచ్చింది. ఆ రోజులలో ప్రయాణీకులకే బండి దొరకడం దుర్లభం. పెట్టెలకెత్తిన పాత రిలేలకు ఎవరు చోటిస్తారు? ఆ యంత్రానికి అప్పట్లో వి-4 అన్న పేరు ఉండేది. నాలుగవ ప్రయోగనమూనా అన్నంతవరకే దాని అర్థం. కాని వి-1, వి-2 అనే భయంకరాయుధాల పేర్లు వినివున్న అధికారులు ఇది కూడా అట్టిదేనని తలచడంతో దారి సుగమమైంది. యంత్రం మొదట గోటింగెన్ నగరానికి చేరి, అక్కడ కూర్పు ముగించుకొని పనిచేసింది. తరువాత దానిని హార్జ్ కొండలలోని భూగర్భ కర్మాగారానికి తరలించవలసిందిగా ఆజ్ఞ వచ్చింది. అక్కడ నిర్బంధశిబిరాల ఖైదీల చేత అమానుషంగా ఆయుధాలు చేయిస్తున్న దృశ్యాన్ని జూజే కళ్ళారా చూశారు. తన యంత్రాన్ని అక్కడ ఉంచడానికి ఆయన మనసు ఒప్పలేదు. దక్షిణంగా బవేరియా పర్వతసీమకు పయనమై, హింటర్‌స్టైన్ అనే మారుమూల పల్లెకు చేరుకున్నారు. అక్కడ యంత్రాన్ని ఒక కొట్టంలో దాచివేశారు.

యుద్ధం ముగిసింది. దేశం శిథిలమైంది. విద్యుత్తు లేదు, సామాను లేదు, జీతమిచ్చేవారు లేరు. ఆ పల్లెలో జూజే చిన్నప్పటి విద్యయైన చిత్రలేఖనంతో కొంత సంపాదించి కుటుంబాన్ని పోషించుకున్నారు. యంత్రంతో పని సాగని ఆ రోజులలో ఆయన కాగితంతో పని సాగించారు. యంత్రానికి ఆదేశాలు వ్రాయడానికి ఒక క్రమబద్ధమైన భాషను రూపొందించి దానికి ప్లాన్‌కాల్క్యూల్ అని పేరు పెట్టారు. లెక్కలకే కాక చదరంగపు ఎత్తులకు కూడా అందులో ఆదేశాలు వ్రాసి చూపారు. అడుగు తరువాత అడుగుగా సాగే గణనవిధానానికి నేడు ప్రపంచమంతటా వాడే అల్గారిథం అన్న పేరు 9వ శతాబ్దంలో బాగ్దాదులో విలసిల్లిన అల్-ఖ్వారిజ్మీ నామం నుండి పుట్టినదని మన విద్యార్థులకు తెలిసినదే. ఆ పురాతన మార్గంలో ఇదొక కొత్త మజిలీ. కాని ఆ గ్రంథం అప్పట్లో అచ్చుకు నోచుకోలేదు. సమగ్రంగా వెలువడినది 1972లో.

1946లో కుటుంబమూ, యంత్రమూ సమీపంలోని హోప్‌ఫెరావ్ గ్రామానికి మారాయి. 1949లో స్విట్జర్లాండు దేశపు జ్యూరిక్ సాంకేతిక విద్యాలయం నుండి ఎడ్వార్డ్ స్టీఫెల్ అనే గణితాచార్యులు ఆ గ్రామానికి వచ్చారు. పల్లెటూరి కొట్టంలో ఒక గణనయంత్రం ఉన్నదని విని పరీక్షించవచ్చిన ఆయన, ఒక అవకలన సమీకరణాన్ని చెప్పి సాధించమన్నారు. జూజే వెంటనే ఆదేశాలను ఫిల్ముపై పొడిచి యంత్రానికి అందించారు. సమాధానం సరిగా వచ్చింది. యుద్ధాన్నీ, ప్రయాణాన్నీ, తేమనూ, దుమ్మునూ తట్టుకొన్న ఆ పాత యంత్రాన్ని విద్యాలయం 5 సంవత్సరాలపాటు అద్దెకు తీసుకోవడానికి అంగీకరించింది.

అయితే ఉన్నదానిని ఉన్నట్టే పంపడానికి వీలులేకపోయింది. వచ్చిన ఫలితాన్నిబట్టి ఏ దారిని పోవాలో తానే ఎన్నుకొనే శక్తి యంత్రానికి ఉండాలని జ్యూరిక్‌వారు కోరారు. ఫలితం సున్నకంటె తక్కువైతే ఒక మార్గం, కాకుంటే మరొక మార్గం. ఈ ఎన్నిక జెడ్-3కు తెలియదు. జూజే యంత్రాన్ని విప్పి, శుభ్రపరచి, అరిగిన భాగాలు మార్చి, ఈ కొత్త శక్తిని దానికి జోడించారు. కొత్తది కొనడమే అభివృద్ధి కాదు. పాతదానికి లోపించినదేమిటో గ్రహించి దానిని మాత్రమే చేర్చడం కూడా అభివృద్ధియే. 1950లో జ్యూరిక్ చేరిన జెడ్-4 అక్కడ 1955 వరకు సేవచేసింది. ఐరోపా ప్రధానభూభాగంలో అట్టి యంత్రం ఉన్న విద్యాలయాలు అప్పటికి బహు అరుదు. తమ స్వంత కంప్యూటరును నిర్మించుకొనేంతవరకు అక్కడి ఆచార్యులు, విద్యార్థులు దీనిపైనే కొత్త విద్యను అభ్యసించారు. పిదప అది ఫ్రాన్సులోని సెయింట్ లూయీ పరిశోధనాసంస్థకు వెళ్ళి మరికొన్నేళ్ళు పనిచేసింది. నేడు మ్యూనిక్ నగరంలోని జర్మన్ మ్యూజియంలో విశ్రాంతి తీసుకుంటున్నది. జ్యూరిక్ విద్యాలయంలో విమాననిర్మాణ విభాగంలో పనిచేసిన ఒక ఇంజనీరు దాచిన కాగితాల మధ్య ఆ యంత్రాన్ని వాడే విధానం తెలిపే పుస్తకం 2020లో బయటపడింది. విమానపు రెక్కల కంపనాలను లెక్కించిన నాటి కాగితాలు కూడా దానితోపాటు దొరికాయి. యంత్రం మిగిలినా, దానిని నడిపే తెలివి వ్రాతలో మిగలకపోతే అది బొమ్మతో సమానం. కాగితాలను దాచినవాడు కూడా యంత్రరక్షకుడే.

జ్యూరిక్ ఒప్పందం జూజేకు కొత్త జీవితమిచ్చింది. 1949లో ఆయన స్వంత సంస్థను స్థాపించారు. రిలేలతో మొదలై, శూన్యనాళికలతో జెడ్-22, ట్రాన్సిస్టర్లతో జెడ్-23, పటాలు గీసే యంత్రంగా గ్రాఫోమాట్ అక్కడ వెలువడ్డాయి. ఆ సంస్థ మొత్తం 251 కంప్యూటర్లను తయారుచేసింది. కాని యంత్రం తెలిసినంతగా వ్యాపారం కలిసిరాలేదు. అప్పులు పెరిగి 1964లో సంస్థ ఆయన చేయి దాటిపోయింది. కొన్నేళ్ళకు సీమెన్స్ సంస్థలో లీనమైంది. 1941లో జెడ్-3 విషయమై పెట్టుకొన్న పేటెంటు దరఖాస్తు కూడా సుదీర్ఘ వ్యాజ్యం తరువాత 1967లో తిరస్కృతమైంది. అందులో నూతన కల్పన తగినంత లేదన్నది న్యాయస్థానం తీర్పు. పాతికేళ్ళు నిరీక్షించిన మనిషికి అది గొడ్డలిపెట్టు వంటిదే.

నిజానికి కంప్యూటర్ ఒక్కరి సృష్టి కాదు. అమెరికాలో అటనసాఫ్, ఐకెన్, ఎకర్ట్, మాక్లీ ప్రభృతులు, ఇంగ్లండులో ట్యూరింగ్, ఫ్లవర్స్ మున్నగువారు అదే కాలంలో వేర్వేరు మార్గాల కృషిచేశారు. యుద్ధం అడ్డుగోడ కావడం వలన ఒకరి పని ఒకరికి తెలియదు. పెద్ద సంస్థల అండ ఉన్నవారి యంత్రాలతో సమానంగా ఇంటిగదిలో పాత సామానుతో కట్టిన యంత్రం నిలువగలిగిందనడమే జూజే విశిష్టత. జెడ్-3 సిద్ధాంతరీత్యా ఏ గణననైనా చేయగల సార్వత్రిక యంత్రమని బెర్లిన్ ఆచార్యులు రౌల్ రోహాస్ 1998లో నిరూపించారు. ఆ మాట వినడానికి అప్పటికి జూజే లేరు.

చివరి దశలో ఆయన చేసిన పని నాకు అన్నింటికంటె హృదయంగమమైనది. 1980 దశకం ఉత్తరార్ధంలో, 75 ఏళ్ళు దాటిన వయసులో, బాంబులకు బలియైన తన మొట్టమొదటి యంత్రం జెడ్-1ను తిరిగి నిర్మించడానికి పూనుకున్నారు. పాత పటాలు లేవు. యౌవనంలో చేసిన వేలాది భాగాల ఆకృతిని జ్ఞాపకం నుండి తిరిగి గీయవలసి వచ్చింది. నడుమ గుండెపోటు వచ్చింది. కోలుకొని మళ్ళీ బల్లముందు కూర్చున్నారు. 1989లో పని ముగిసింది. ఒకనాడు కుటుంబం కూడబెట్టిన సొమ్ముతో వెలసిన యంత్రానికి పునర్నిర్మాణంలో 8 లక్షల జర్మన్ మార్కులు వ్యయమైనవి. అది బెర్లిన్‌లోని సాంకేతిక మ్యూజియంలో చేరింది. జెడ్-3కు నకలు అంతకుముందే, 1960 దశకంలో, ఆయన సంస్థలోనే తయారై మ్యూనిక్ చేరింది. పటాలను రెండవచోట భద్రపరచివుంటే ఇంత శ్రమ తప్పేదన్న విషయం మనం మరువరాదు. 1964లో సీమెన్స్ స్మారక పురస్కారం, 1965లో అమెరికాలో హ్యారీ గూడ్ పురస్కారం వంటి గౌరవాలు ఆయనకు లభించాయి. విశ్రాంతికాలంలో కుంచె పట్టి చిత్రాలు వేస్తూ, 1995 డిసెంబరు 18న హ్యూన్‌ఫెల్డ్ పట్టణంలో జూజే తుదిశ్వాస విడిచారు.

విద్యార్థినీ విద్యార్థులారా! ఈ జీవితం మన కళాశాలకు చెప్పే మాట ఒకటున్నది. మన సామానుగది తలుపు తెరిస్తే గోడవార పేర్చిన పాత కంప్యూటర్లు కనిపిస్తాయి. పైన దుమ్ము, మీద సాలెగూడు. ఏదో ఒకనాడు కబాడీవానికి తూకంలెక్కన పోతాయి. వాటిలో ఎన్నింటిలో కేవలం ఒక్క భాగమే చెడినదో ఎవరూ చూడలేదు. ఒకదానిలో విద్యుత్తు అందించే పెట్టె పోయి ఉండవచ్చు, మరొకదానిలో జ్ఞాపకపు పలక వదులై ఉండవచ్చు. రెండు చెడినవాటి నుండి ఒక మంచిది లేవడం అరుదైన విషయం కాదు. జ్ఞాపకశక్తిని పెంచి, తిరిగే పాత డిస్కు స్థానంలో కదలిక లేని కొత్త డిస్కు అమర్చి, ఉచితంగా లభించే లినక్స్ వంటి వ్యవస్థను వేస్తే, వ్రాతపనికీ, ఉర్దూ తెలుగు అక్షరకూర్పుకూ, ఆదేశరచన నేర్వడానికీ సరిపోయే యంత్రాలు అందులో కొన్నైనా వెలికివస్తాయి. ఇంట కంప్యూటర్ కొనలేని విద్యార్థికి అది చిన్న వరం కాదు.

అయితే ఉత్సాహానికి జాగ్రత్త తోడుండాలి. పాత గాజుతెర మానిటర్లలోనూ, విద్యుత్తు పెట్టెలలోనూ తీగ ఊడదీసిన తరువాత కూడా ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. వాటిని విద్యార్థులు విప్పరాదు. ఉబ్బిన బ్యాటరీలను తాకరాదు. రాగికోసం తీగలను కాల్చడం ఊపిరికి విషం. బాగుచేయ వీలులేనివి అనుమతి కలిగిన సంస్థలకే చేరాలి. ఇవ్వబోయే ముందు డిస్కులలోని కళాశాల వివరాలను చెరిపివేయాలి. ఏ యంత్రంలో ఏ భాగం మార్చినదీ, ఏనాడు మార్చినదీ ఒక పుస్తకంలో వ్రాసి ఉంచాలి. జూజే పటాలు కాలిపోయిన సంగతి ఇక్కడ గుర్తుండాలి.

కళాశాల పాలకవర్గంవారికి సవినయంగా చేసుకొనే మనవి ఒక్కటే. ఆ సామాను వేలానికి పోకముందు ఒక్క సంవత్సరం, ఒక చిన్నగది, ఒక బల్ల, తెలిసిన ఒక ఉపాధ్యాయుని పర్యవేక్షణ విద్యార్థులకు ఇప్పించండి. తూకంలో వచ్చే సొమ్ము స్వల్పం. ఆ పెట్టెలను విప్పి బిగించిన విద్యార్థికి అబ్బే విద్య అనల్పం. తల్లిదండ్రులు ఒక గదిని ఖాళీచేసి ఇచ్చినందువలన ఒక జూజే సాధ్యమయ్యాడు. మనం ఇచ్చే గదిలో ఎవరు తయారవుతారో ముందుగా ఎవరు చెప్పగలరు?